నీళ్ళ మీద అలిగిన అవ్వ

మొన్న హైదరాబాదులో ఒక హస్తకళల ప్రదర్శనకు వెళ్ళాను. ఒక దుకాణంలో ఎండిన సొరకాయ బుర్రలకు చిల్లులు పొడిచి, లోపల చిన్న బల్బులు పెట్టి, దీపాలుగా అమ్ముతున్నారు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, ఏమనుకుంటారో అన్న ధ్యాస కూడా లేకుండా వాసన చూశాను. దుకాణంలోని అమ్మాయి నవ్వింది. "వాసనేం రాదు మేడం, వార్నిష్ వేశాం" అంది. నిజమే, వార్నిష్ వాసనే వచ్చింది. కానీ అలాంటి బుర్రను వీపుకు కట్టుకుని బావిలోకి దిగిన ఒక ఎండాకాలం మొత్తం ఆ దుకాణం ముందే నా కళ్ళకు కట్టింది.

మేం అప్పుడు నాగర్‌కర్నూలులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. బడికి సెలవులివ్వగానే అమ్మ నన్ను తోటలో దింపి వచ్చేది. తోట అంటే మాది కాదు. వనపర్తికీ ఆత్మకూరుకూ మధ్య బస్సు దిగి, ఎర్రమట్టి బాటలో అరగంట నడిస్తే వచ్చే నలభై ఎకరాల మామిడితోట. దాని నడుమ సున్నం రాలిపోతున్న ఒక మేడ. అందరూ తోట బంగ్లా అనేవాళ్ళు. దాని యజమానురాలు దొరసాని హైదరాబాదులో కొడుకు దగ్గర ఉండేది. తోట బాగోగులన్నీ మా అమ్మవాళ్ళ నాన్న, అంటే మా తాత చూసుకునేవాడు. బంగ్లా వెనక పెంకుటింట్లో తాత, అవ్వ ఉండేవాళ్ళు. కాగితాల మీద తోట ఎవరిదైనా, ఆ రెండు నెలలు మాత్రం అది నాదీ, పెద్దమ్మ కొడుకు మా అన్నదీ. అన్న నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఆ సంగతి రోజుకు పదిసార్లు గుర్తుచేసేవాడు.

పొద్దున లేవగానే పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, దాని వెనకే మామిడికాయ పప్పులో పడే ఎల్లిగడ్డ పోపు వాసన వచ్చేవి. ఎండ ముదిరేకొద్దీ తోటంతా మామిడి సొన వాసనతో నిండిపోయేది. ఆ సొన తగిలి మా మూతుల చుట్టూ నల్లటి మచ్చలు పడేవి. సెలవులయ్యాక బడికి వెళితే పంతులమ్మ ఆ మచ్చలు చూసే, "ఏ తోటకు పోయినవే?" అని అడిగేది.

తోటలో కాపును ఆత్మకూరు సాయిబు ఒకాయన గుత్తకు పట్టేవాడు. ఎండాకాలం మొత్తం ఆయన భార్యతో సహా వచ్చి, గేటు పక్కన తాటాకుల గుడిసె వేసుకుని ఉండేవాడు. ఆమెను మేం, వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు, ఖాలా అని పిలిచేవాళ్ళం. కాయలు కోసే కాలంలో ఆయన లారీల వెంట తిరిగేవాడు, తోటకు కాపలా మొత్తం ఖాలాదే. లావుగా, గట్టి గొంతుతో, చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కట్టెతో ఉండేది. వారానికోసారి కిచిడీ, చింతపండు పులుపుతో ఖట్టా చేసి మాకు గిన్నె నిండా పంపేది. కోతులకైనా మాకైనా ఆ కట్టె ఒకేలా లేచేది.

తాత మాకు ఒకే ఒక్క నియమం పెట్టాడు. "రాలింది మీది, చెట్టు మీదిది సాయిబుది." మేం ఆ నియమాన్ని ఎన్నడూ తప్పలేదు. కాకపోతే కొమ్మను కొంచెం ఊపేవాళ్ళం.

బంగ్లా వెనకవైపు దిగుడు బావి ఉండేది. మూడు దిక్కుల రాతి గోడ, నాలుగో దిక్కున కిందికంటా మెట్లు. గోడల సందుల్లో పావురాలు గూళ్ళు పెట్టేవి. ఎంత ఎండలోనైనా నాలుగు మెట్లు దిగితే చాలు, తడి గోనెపట్టా కప్పినట్టు చల్లగా ఉండేది. కరెంటు వచ్చినప్పుడు మోటారు ఊగిపోతూ నీళ్ళు తోడేది, పోయినప్పుడు పావురాల కువకువ తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. అన్నకు ఈత వచ్చు. వాడు మెట్ల మీద నుంచి దుంకి, మునిగి, ఎక్కడో అవతల తేలేవాడు. నా పని వాడి అంగీ, లాగు పట్టుకుని మెట్ల మీద కూర్చోవడం. నేర్పమని అడిగితే, "ఆడపోరగాండ్లకు ఈతెందుకే?" అనేవాడు. అవ్వను అడిగితే అసలు మాటే మార్చేసేది. ఆమె బట్టలన్నీ పైన తొట్టి దగ్గరే ఉతికేది. నీళ్ళు కావాలంటే పైపు కింద పట్టుకునేది. అవ్వ ఆ మెట్లు దిగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్ళంటే భయమేమో అనుకున్నాను.

నాకు పదేళ్ళప్పటి ఎండాకాలంలో, ఎన్నో ఏళ్ళుగా రాని దొరసాని తోటకు వచ్చింది. తెల్లటి అంబాసిడర్ కారు, రెండు పెట్టెలు, ఒక తమలపాకుల డబ్బా. అవ్వకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. మందపాటి కళ్ళద్దాలు, పల్చటి తెల్ల చీర. "ఈసారి ఎండకాలమంత ఈడనే ఉంట" అని తాతతో అంది. తాత పరేషానైపోయాడు. మా రాజ్యం పోయిందని నేనూ అన్నా దిగులు పడ్డాం.

నిజంగానే మొదటి వారం కాళ్ళూ చేతులూ కట్టేసినట్టుండేది. బంగ్లా వరండాలో అరవొద్దు, పరుగెత్తొద్దు. దొరసాని పొద్దంతా మేడ మీద గది కిటికీలో కూర్చునేది. ఆ కిటికీ సరిగ్గా బావి వైపు ఉండేది. అన్న దుంకుతుంటే ఆమె కళ్ళద్దాలు మెరిసేవి. మందలిస్తుందేమోనని వాడు రెండు రోజులు మానేశాడు. మూడో రోజు పైనుంచి, "ఏందిరా, ఇయాల దుంకుతలేవు?" అని ఆమే అడిగింది.

బంగ్లాలో ఒక చీకటి గదిలో గడ్డి పరిచి దొరసాని కోసం బేనిషాన్ పండ్లు మాగబెట్టేవాడు తాత. ఒక మధ్యాహ్నం అన్నా నేనూ ఆ గదిలోంచి రెండు పండ్లు ఎత్తుకొచ్చాం. ఎవరి కంటా పడకుండా తినడానికి బావి కంటే మంచి చోటు లేదు. నీళ్ళకు నాలుగు మెట్ల పైన కూర్చుని నేను పండు తొడిమ కొరికానో లేదో, అది చేతిలోంచి జారి, ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ పోయి ఆఖరి మెట్టు మీద ఆగింది. పట్టుకుందామని దిగాను. ఆ మెట్టంతా పాచి. కాలు ఎప్పుడు జారిందో తెలియదు. కళ్ళ ముందు పచ్చటి వెలుగు, చెవుల్లో హోరు, నోటినిండా నీళ్ళు, అంతే తెలుసు.

అన్న దుంకలేదు. అంత ఈతగాడూ బిగుసుకుపోయి, "అవ్వా!" అని ఒకే ఒక్క కేక పెట్టాడట. తొట్టి దగ్గర గిన్నెలు తోముతున్న అవ్వ ఆ చేతి మసితోనే వచ్చింది. మెట్లు దిగలేదు. పై గట్టు మీద నుంచే, చీర చెంగు నడుముకు చెక్కుకుని, ఒక్క దుంకు దుంకింది. నా జుట్టు ఎవరో గుంజినట్టయింది. తరువాత చూస్తే మెట్ల మీద బోర్లా పడుకుని నీళ్ళు కక్కుతున్నాను.

అవ్వ ముందు నా వీపు మీద కొట్టింది, నీళ్ళు కక్కడానికి. తరువాత ఇంకొకటి కొట్టింది, అది నీళ్ళ కోసం కాదు. తరువాత అన్నకు రెండు పడ్డాయి. అప్పుడు కూలబడి, నన్ను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. ఆమె జుట్టంతా విడిపోయి నీళ్ళు కారుతోంది. తలెత్తి చూస్తే మెట్ల పైన దొరసాని నిలబడి ఉంది. కిటికీలోంచి మొత్తం చూసి, మేడ దిగి ఎలా వచ్చిందో, ఆమె కూడా ఆయాసపడుతోంది.

"నీకు ఈత యాడిది?" అని అవ్వను అడిగింది.

అవ్వ లేచి నిలబడబోయింది. "కూసో, కూసో" అంది దొరసాని.

"మాది కృష్ణ ఒడ్డు ఊరు దొరసానీ. నడక కంటె ముందు ఈతొచ్చింది మాకు" అంది అవ్వ.

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గూడ బావిల దిగంగ చూడలేదు?"

అవ్వ కొంగు పిండుకుంది. తరువాత మెల్లగా చెప్పింది. "పెండ్లయినంక మా అత్త బావిల దిగనియ్యలే. పుట్టింటికి పోయినప్పుడే ఏట్ల దిగుతుంటి. ఆ ఎన్క డ్యాం కట్టిండ్రు. ఊరంత మునిగింది. మా అమ్మ, మా నాయన మూటముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చిండ్రు. నాకు బతుకునిచ్చిన ఏరే మా ఇల్లు మింగింది. ఆనాటి నుంచి నీళ్ళ మీద అలిగిన దొరసానీ. తాగుత, పోసుకుంట, గని దిగ."

"ఇయాల దిగితివి గద" అంది దొరసాని.

"ఈ ముండ కోసం దిగిన" అని అవ్వ నా నెత్తి మీద ఇంకొకటి మొట్టింది. "రేపట్నుంచి దీనికి నేర్పుత. మల్లొకసారి దుంకనీకె నాకు ఓపిక లేదు."

మరునాడు మధ్యాహ్నం అవ్వ ఎక్కడినుంచో ఒక ఎండిన సొరకాయ బుర్ర తెచ్చింది. దాని మెడకు పాత చీర పేలిక కట్టి, నా వీపున బిగించింది. దానికి వేసవి గడ్డి వాసన, పొయ్యి పొగ వాసన. బుర్ర నన్ను పైకి లాగుతుంటే, అవ్వ అరచేయి నా పొట్ట కింద ఉండేది. "కాళ్ళు కప్పలెక్క కొట్టు. మెడ గట్టిగ పెట్టకు. నీళ్ళు నిన్ను ముంచవు, నీ భయమే ముంచుతది" అనేది. రెండు రోజులకు ఆ అరచేయి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియనే లేదు.

మూడో రోజు మేం నీళ్ళలో ఉండగా దొరసాని మెట్లు దిగి వచ్చింది. చెప్పులు విడిచి, ఆఖరి మెట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టింది. చేపపిల్లలు వచ్చి వేళ్ళు కొరుకుతుంటే చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. తరువాత అంది: "నాకు గూడ నేర్పు."

అవ్వ నీళ్ళలోనే నిలిచిపోయింది. "మీకెందుకు దొరసానీ ఇవన్ని? కాలో చెయ్యో ఇరిగితే చిన్నదొరకు నేనేం చెప్పాలె?"

"ఈ బావి మా నాయన తవ్విచ్చిండు. ఈ తోట నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిండు. నేను పుట్టింది ఆ పై గదిల. కూలోళ్ళ పిల్లలు దుంకుతుంటె ఆ కిటికీల కూసోని చూసుడే. దొరబిడ్డవి, గడప దాటొద్దనేటోళ్ళు. అరవై ఏండ్లు దాటినయి. నా బావిల నేను కాలు పెట్టుడు ఇదే మొదలు. నేర్పుతవా, లేదా?"

అవ్వ రేవు మెట్టు దగ్గరికి వచ్చి చేయి అందించింది.

చీరతో కష్టమైంది. మొదటి రోజే చీర నీళ్ళలో గొడుగులా విచ్చుకుని, దొరసాని భయపడి అవ్వ మెడ కరుచుకుంది. అప్పుడు ఖాలాను పిలవక తప్పలేదు. గుడిసెలో ఆమెకో చేతి కుట్టు మిషను ఉండేది. సంగతి విని ఖాలా రెండు చేతులూ బుగ్గలకు పెట్టుకుంది. "యా అల్లా! దొరసాని ఈత కొడ్తదా?" అని, మరుక్షణమే టేపు తీసింది. బంగ్లాలో పాత కిటికీ తెరలు మూలపడి ఉంటే, వాటితో వదులు పైజామా, మోకాళ్ళ దాకా కుర్తా కుట్టింది. ముదురాకుపచ్చ గుడ్డ మీద పెద్ద పెద్ద పసుపు పువ్వులు. అది వేసుకుని దొరసాని అద్దం ముందు నిలబడి, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది.

"మధ్యాహ్నం రెండు గంటలు మీరు బేఫికర్‌గ ఉండుండ్రి. ఎవడొస్తడో నేను చూస్త" అంది ఖాలా. అప్పట్నుంచి రోజూ ఆ వేళకు కట్టె పట్టుకుని బాట మీద కూర్చునేది. అన్నకు ఆ రెండు గంటలు బావి నిషేధం. ఖాలా పక్కన కాపలా కూర్చుంటే పండ్లు దొరుకుతాయి కాబట్టి వాడూ గొణగలేదు. తాతకు మాత్రం చెప్పొద్దని అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది. ఆయన ఆ వేళలో గేటు దారిలో మామిడిచెట్టు కింద మంచం వేసుకుని, రేడియో పక్కన పెట్టుకుని నిద్రపోయేవాడు.

దొరసానికి ఒక్క బుర్ర ఆనలేదు, రెండు కట్టాల్సి వచ్చింది. నేర్పడంలో అవ్వ మొహమాటాలన్నీ కరిగిపోయాయి. మొదటి రోజుల్లో "జర కాలు కదిలియ్యుండ్రి దొరసానీ" అన్న మనిషి, వారం తిరిగేసరికి "ఎన్నిసార్లు చెప్పాలె, మెడ వదులు, మెడ వదులు!" అని కసిరేది. దొరసాని ముక్కు మూసుకుని, "సరే సరే" అనేది. నేను వాళ్ళ చుట్టూ ఈదుతూ ఇద్దరి మీదా నీళ్ళు చల్లేదాన్ని. అలిసిపోయాక ముగ్గురం మెట్ల మీద కూర్చుని, ఉప్పూ కారం అద్దుకుని పచ్చి మామిడికాయ తినేవాళ్ళం. ఆ ఇద్దరూ అప్పుడు చెప్పుకునే మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. అత్తల మాటలు, పురుళ్ళ మాటలు, పుట్టి పోయిన పిల్లల మాటలు. ఒకసారి దొరసాని అంది: "నీకు ఊరు మునిగింది. నాకు ఊరు చూసుడే లేకపాయె." అవ్వ ఆమె వీపు మీది బుర్ర ముడి సరిచేసింది.

ఒకరోజు మేం బావిలో ఉండగానే గేటు దగ్గర కారు చప్పుడయింది. వచ్చింది ఎవరో కాదు, దొరసాని కొడుకు. అన్న రొప్పుతూ పరుగెత్తుకొచ్చి పై గట్టు మీద నుంచే చెప్పాడు. దొరసాని ముఖం పాలిపోయింది. అవ్వ గబగబా బుర్రల ముడులు విప్పుతుంటే, తడికి అవి బిగుసుకుని రావు. బాట మీద ఖాలా గొంతు మాకు ఇక్కడికి వినిపిస్తోంది.

"సలాం బాబూ! అమ్మగారికి తలంటు నడుస్తుంది. ఆడోళ్ళు పోస్తుండ్రు. జర ఈడ చెట్టు కింద కూసోండి, పండు కోస్త. ఏ పండు తింటరు, బేనిషానా, హిమాయతా?"

ఆయన ఏదో అన్నాడు. "లేదు లేదు, ఇంక జర సేపే" అంది ఖాలా. అలా ఆరు పండ్లు కోసి తినిపించిందట, ఒకదాని తరువాత ఒకటి, చేయి కడుక్కోనివ్వకుండా. దొరసాని వెనక దారిన బంగ్లాలోకి వెళ్ళి, చీర కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వరండాలో కనిపించింది. కొడుకు చూసి, "ఈ వేళలో తలస్నానమేందమ్మా?" అన్నాడు. "ఎండలు గద నాయనా" అంది ఆమె. మేం పందిరి గుంజ వెనక నిలబడి నోట్లో గుడ్డలు కుక్కుకున్నాం.

కానీ ఆయన ఊరికే రాలేదు. గదిలో తల్లీ కొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. సాయంత్రం ఆయన కారు వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండు రోజులు దొరసాని బావికి రాలేదు. కిటికీలో కూడా కూర్చోలేదు. నేను ఒక్కదాన్నే ఈదుతుంటే బావి చాలా పెద్దదిగా అనిపించింది. అవ్వ అన్నం వండి తీసుకెళితే అది ముట్టకుండానే వెనక్కి వచ్చేది.

మూడో రోజు దొరసానే మా ఇంటి గడపలోకి వచ్చింది. ఆమె మా ఇంటికి రావడం అదే మొదటిసారి. తాత కంగారుగా కుర్చీ వెతుకుతుంటే, అక్కర్లేదని అరుగు మీదే కూర్చుంది.

"తోట అమ్ముతనంటుండు" అంది అవ్వ వైపు చూస్తూ. "ఇయాల గాదు. ఒకటి రెండేండ్లల్ల. నేను సరే అన్న. వాని పిల్లలకు ఈ తోట తెల్వదు, వానికి ఓపిక లేదు. నేనెన్నేండ్లుంట?" కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ అంది. "ఇప్పుడు ఏరు వెనకకు పోయి, మునిగిన ఊర్లన్ని తేలినయంట. డ్రైవరు చెప్పిండు. రేపు పొద్దుగాల నీ ఊరికి పోదాం."

"నేను రాను" అంది అవ్వ వెంటనే.

"నా బావి నాకు చూపించినవు. నీ ఏరు నాకు చూపియ్యవా?"

అవ్వ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని, ఊదాల్సిన పని లేకున్నా ఊదుతూనే ఉంది. తాత గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నాడు: "పోదాం తియ్యి. ఎన్నేండ్లని అలుగుతవు?"

తెల్లవారగానే బయలుదేరాం. ముందు సీట్లో తాత, వెనక దొరసాని, అవ్వ, మధ్యలో నేనూ అన్నా ఇరుక్కుని. సాయిబుతో లారీ ఎక్కించే పని ఉండి ఖాలా రాలేకపోయింది గానీ, టిఫిన్ క్యారియర్ నిండా పూరీలు, ఆలుగడ్డ కూర పంపింది. కొల్లాపూర్ దాటాక దారి బండలూ పొదలూ అయింది. కారు ఆగిన చోట నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆ నెర్రెల నడుమ నుంచి, బురద రంగులో, మోకాలెత్తు గోడలు. దూరంగా నీళ్ళు.

అవ్వ కారు దిగి చాలాసేపు కదల్లేదు. తరువాత నడిచింది. మేం వెనక నడిచాం. మెల్లగా ఆమె నడక మారింది, ఎవరో పిలుస్తున్నట్టు వేగం పెరిగింది. "ఇది కుమ్మరోళ్ళ ఇల్లు. ఇది పీర్ల కొట్టం. ఈడ రెండు చింతచెట్లుండె. ఈ సందుల కెల్లి పోతే..." అంటూ ఒక చోట ఆగింది. నాలుగు వరుసల రాళ్ళు, ఒక గడప బండ, పక్కన నేలలో సగం కూరుకుపోయిన రోలు. అవ్వ కూర్చుని రోట్లోని ఎండిన మట్టిని చేత్తో తోడేసింది. "మా అమ్మది. బరువని ఇడిసిపెట్టి వచ్చిండ్రు" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో రోలు అంచు తుడిచి, లేచి, నీళ్ళ వైపు నడిచింది.

నీళ్ళలో కొంత దూరాన ఒక పెద్ద నల్ల బండ, ఏనుగు వీపులా తేలి ఉంది. "దాని మీదికెల్లి దుంకేటోళ్ళం, ఏడుగురం ఆడపిల్లలం" అంది అవ్వ. కొంగు నడుముకు చెక్కింది. నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు, నడుము, రొమ్ము. తరువాత ఆమె తల ఒక్కటే కనిపించింది. తొందర లేని పెద్ద పెద్ద బారలు. బావిలో ఆమె ఈత నేను చూశాను గానీ, అది నాకు నేర్పే ఈత. ఇది వేరు.

తాత గట్టు మీద నిలబడి, నోరు తెరిచి చూస్తున్నాడు. "నలభై ఏండ్ల సంసారం" అన్నాడు ఎవరితోనో. "ఈమె ఈదుతదని వినుడే గని, చూసుడు గిదే."

అవ్వ బండ ఎక్కి నిలబడి, రెండు చేతులూ ఎత్తి మమ్మల్ని పిలిచింది. ఏమందో గాలికి వినపడలేదు. నేను ఇక ఆగలేదు. వీపున బుర్ర లేదు. సగం దూరం పోయాక చేతులు బరువెక్కాయి, భయమేసింది. మెడ వదులుచేసి, కప్పలా కాళ్ళు కొట్టాను. ఇంతలో ఎదురుగా అవ్వ నవ్వుతూ వస్తోంది. నా పక్కనే ఈదుతూ బండ దాకా తీసుకుపోయింది, కానీ నన్ను ముట్టుకోలేదు. బండ మీద కూర్చుని చూస్తే ఆమె ముఖం నాకు తెలిసిన ముఖంలా లేదు. ముడతలన్నీ అలాగే ఉన్నాయి, కానీ నా వయసు పిల్ల ఎవరో నా పక్కన కూర్చుని కాళ్ళు ఆడిస్తున్నట్టుంది.

గట్టు దగ్గర దొరసాని పచ్చటి తెర గుడ్డ కుర్తాలో నడుము లోతు దాకా వచ్చి, వెల్లకిలా పడుకుంది. అన్న పక్కనే కాపలా. ఆమె కాళ్ళు తేలాయి. చేతులు చాచి, ఆకాశం వైపు చూస్తూ, బుర్రలు లేకుండా, కృష్ణ మీద తేలింది. కళ్ళద్దాలు లేని ఆమె ముఖం అంత నిమ్మళంగా ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

తరువాత ఏమైందంటే, అందరికీ అయ్యేదే అయింది. ఇంకో రెండు వేసవులు గడిచాక తోట అమ్ముడుపోయింది. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్ళున్నాయి, బావి పూడ్చేశారు. తాతా అవ్వా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. దొరసాని హైదరాబాదులోనే పోయింది. కబురందిన రోజు అవ్వ పొద్దంతా అన్నం ముట్టలేదు. ఖాలా గురించి ఆ తరువాత నాకేమీ తెలియదు. చాలా ఏళ్ళకు, అవ్వ కూడా పోయాక, తాతతో ఒకసారి, ఏటి దగ్గర చూసేదాకా నీకు తెలియదు కదా అని, ఆ మధ్యాహ్నాల రహస్యం చెప్పాను. ఆయన బోసినోటితో నవ్వాడు. "మీ అవ్వ ఎంటికెలు రోజు ఎండల ఆరబెట్టుకుంటుంటె నాకు తెల్వదా? కాయ కోసే మొగోళ్ళు ఆ దిక్కు రావొద్దని గదా, మంచం తీసి గేటు దారికి అడ్డం ఏసుకుంటి" అన్నాడు.

ఆ ఎండాకాలం నుంచి నాకు మిగిలినవి చాలా ఉన్నాయి. ఈత మిగిలింది, సొన వాసన మిగిలింది. కానీ అన్నిటికంటే ఎక్కువగా తలుచుకునేది ఏటి నుంచి మేం తిరిగొచ్చిన దారి. పొద్దు పడమటికి తిరిగింది. కారు కిటికీలోంచి వేడి గాలి. అన్న నా మీద ఒరిగి నిద్రపోయాడు. అవ్వ ఈ తోటకు వచ్చినప్పటి నుంచి దొరసాని ఎదుట కుర్చీలో కూర్చుని ఎరగని మనిషి. ఆమె అలిసిపోయి కూర్చున్నచోటే కునికింది. కునికి కునికి, తడి ఆరని తల మెల్లగా వాలి, దొరసాని భుజం మీద ఆనింది. ముందు సీట్లోంచి తాత వెనక్కి తిరిగి చూశాడు. గాభరాగా అవ్వను లేపబోయాడు. దొరసాని పెదవుల మీద వేలు పెట్టి, వద్దని తల ఊపింది. మెట్టబాట మీద కారు ఎంత ఎగిరిపడినా, తోట గేటు వచ్చేదాకా ఆమె ఆ భుజం కదపలేదు.